శౌరయ్య చూపించిన తూర్పు

మా బావ శౌరయ్య శవపెట్టెలు చేస్తాడు. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు ఒకడుగు వెనక్కి వేస్తారు, వాళ్లకోసం నేనే ఒక పెట్టె పట్టుకొచ్చినట్టు. అందుకే దాపరికం లేకుండా ముందే చెప్పేస్తున్నాను. గుణదల కొండకి వెళ్లే దారిలో, సైకిల్ షాపు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. గోడకి నిలబెట్టిన పెట్టెల మధ్య స్టూలు వేసుకుని, బీడీ కాలుస్తూ దారిన పోయేవాళ్లని చూస్తూ కూర్చునే బక్కపలచటి మనిషే మా బావ. ఆయన చూపు పడితే చాలు, జనం గబగబా నడుస్తారు. కొలత తీసుకుంటున్నాడేమోనని భయం. నిజం చెప్పాలంటే తీసుకుంటాడు కూడా. మా బంధువుల పెళ్లిలో పెళ్లికొడుకుని చూసి "అయిదడుగుల పది" అని నోరు జారితే, పెళ్లికూతురి మేనత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

నా పేరు ఫాతిమమ్మ. ఆయన భార్య లూర్దమ్మ నా తోడబుట్టిన అక్క. మా నాన్నకి మరియమాత మీద ఎంత భక్తంటే, ఆ తల్లి ఏ దేశంలో ఏ ఊళ్లో కనిపించిందని విన్నా ఆ ఊరి పేరు తెచ్చి ఒక కూతురికి పెట్టేవాడు. ఇద్దరమే పుట్టాం కాబట్టి అంతటితో ఆగింది. నా పేరు చూసి రేషను కొట్టతను ఏటా "రంజాన్ బాగా జరిగిందామ్మా?" అని అడుగుతాడు. "బాగా జరిగింది నాయనా" అంటాను. ఎన్నిసార్లని చెప్తాం! కొండ కింద, మేరీమాత గుడికి వెళ్లే దారిలో నాది కొవ్వొత్తుల బల్ల. బావ పెట్టెలు, నా కొవ్వొత్తులు. చావుకి కావలసిన సరంజామా అంతా మన ఇంట్లోనే ఉందే అని అక్క నవ్వేది.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. అక్క పోయింది కదా అని నేను పొగడటం లేదు. దానికి నోరెక్కువ, ఎత్తు తక్కువ. బావ ఛాతీ దాకా వచ్చేది. ఆ ఎత్తులో నిలబడి తలెత్తి ఆయన్ని తిడుతుంటే ఆయన వంగి వినేవాడు. పెట్టె లోపల తెల్లగుడ్డ పరిచి కుట్టడం, తలకింద చిన్న దిండు అమర్చడం దాని పని. ఎవరి పెట్టె అయినా సరే, ఆ దిండు మీద ఒకసారి చెయ్యి వేసి నొక్కి చూసేది, మెత్తగా ఉందో లేదోనని. గుడ్డ ఇచ్చేది ఆదిశేషయ్యగారు. హనుమాన్ జంక్షన్ దాటి లోపలికి వెళ్తే వాళ్ల నేతగాళ్ల ఊరు. మోపెడ్ మీద గుడ్డ మూట పెట్టుకుని వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అక్క టీ ఇచ్చి, పోగు పల్చగా ఉందని దెబ్బలాడేది. ఆయన "లేదక్కగారూ, ఎండకి పెట్టి చూడండి" అని బతిమాలేవాడు. అలా ఏళ్ల తరబడి దెబ్బలాడుకుని దెబ్బలాడుకుని వాళ్లు సొంత అక్కాతమ్ముళ్లలాగా అయిపోయారు.

బావ గుడికి వెళ్లేది క్రిస్మస్‌కీ, ఉత్థాన పండక్కీ, అంటే ఈస్టర్‌కీ, మాత్రమే. అది కూడా అక్క చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చి గుమ్మంలో నిలబడితేనే.

"ఇన్ని పెట్టెలు చేశాను లూర్దూ, లోపలికెళ్లినోడు ఒక్కడన్నా తిరిగొచ్చి పెట్టె బాగుందనో బాగాలేదనో చెప్పలా" అనేవాడు.

"అంత బిగించి మేకులు కొడితే ఎట్టా వస్తారండీ?" అనేది అక్క. "కాస్త వదులుగా కొట్టండి. లేచేటప్పుడు పాపం ఇబ్బంది పడతారు."

వేళాకోళంగానే అనేది గానీ, అందులో వేళాకోళం సగమే. ఒకరోజు అందరూ సమాధుల్లోంచి లేస్తారనేది మా అక్కకి రేపు పొద్దున పాలవాడు వస్తాడన్నంత ఖాయం. మా వాళ్లలో మనిషిని మట్టి చేసేటప్పుడు తల పడమరకి, కాళ్లు తూర్పుకి పెడతారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు కాబట్టి లేచి కూర్చోగానే ఆయన ఎదురుగా కనపడాలి. ఈ సంగతి చిన్నప్పుడే మా అమ్మ చెప్పింది. మేమందరం విని ఊరుకున్నాం. అక్క మాత్రం దాన్ని పట్టుకుంది.

"నా మటుకు నేను కళ్లు తెరవంగానే ముందు ఆయన ముఖం చూడాలి" అనేది.

"నన్ను చూడవా ఏంది?" అని బావ ఉడుక్కునేవాడు.

"మీ ముఖం ఇన్నేళ్లు చూశాగా! మీకేం తొందర, తర్వాత చూస్తా."

ఆయన చిత్రిక తీసుకుని చెక్క మీద కసిగా లాగేవాడు. అదంతా నవ్వులాట కిందే పోయింది. ఆవిడ ఆయన్ని జీవితం మొత్తం మీద ఒక్కటంటే ఒక్కటి అడిగిందని అప్పుడు ఎవరికి తోచింది?

బుడమేరు వాగు పొంగిన ఏడాది సింగ్‌నగర్‌లో వాళ్ల ఇల్లు మునిగింది. డాబా మీద వానలో తడుస్తూ కూర్చున్నవాళ్లని పడవలో తెచ్చి, కొండ వాలున ఉన్న మా ఇంట్లో దించారు. అక్కకి అప్పటికే గుండె బలహీనం. జ్వరం తగిలింది. ఒకరోజు పొద్దున నేనిచ్చిన కాఫీ తాగి, "పంచదార వెయ్యటానికి నీకు చేతులు రావే" అని, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి మనిషి లేదు.

ఏడవడానికి కూడా తీరిక లేని చావు అది. కరెంటు లేదు, ఐసు పెట్టె లేదు. మా సమాధుల తోట నీళ్ల కింద ఉంది. చుట్టుపక్కల ఏ విచారణ గుడికి ఫోన్ చేయించినా అక్కడా నీళ్లే. అప్పుడు ఆదిశేషయ్యగారి దగ్గర నుంచి కబురొచ్చింది. "మా ఊరి సమాధుల దిబ్బ మీద చోటుందండీ. మా వాళ్లతో మాట్లాడా. అక్కగారిని తీసుకురండి. గుంట ఎటు పొడుగు తియ్యాలో చెప్పండి, తీయించి పెడతా" అన్నాడు. తూర్పు పడమరలు పొడుగు తీయమని ఉపదేశి లాజరు చెప్పాడు. లాజరంటే మా గుడిలో ఫాదర్‌గారి తర్వాత ప్రార్థనలు చెప్పించే మనిషి. ఆ రోజు ఫాదర్‌గారు వరదలో చిక్కుకున్న జనం దగ్గర ఉండిపోతే ఈయనే మాతో వచ్చాడు.

పెట్టెల కొట్టులో పెట్టెలన్నీ నీళ్లలో తేలి ఎటో కొట్టుకుపోయాయి. ఊరందరికీ పెట్టెలు చేసినవాడికి పెళ్లాం కోసం చెక్క లేదు. నా కొవ్వొత్తుల బల్ల విప్పి ఇచ్చాను. మా వరండాలోనే కూర్చుని కొట్టాడు. మామూలుగా ఆయన పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నగా ఉంటుంది. ఇది అలా కుదరలేదు, రెండు కొసలూ ఒక్కలాగే నిలువుగా వచ్చింది. మైనం మరకలు కూడా గీకలేకపోయాడు. మూత వేశాక మేకులు మాత్రం సగం దాకా కొట్టి ఆపేశాడు. నేను చూశాను.

హైవే మీద నీళ్లని చెప్పి మమ్మల్ని ఎటెటో తిప్పారు. కొంత ట్రాక్టరు, కొంత ట్రాలీ ఆటో, కాలవ గట్లు, వంతెనలు. సూర్యుడు కనపడి ఎన్నాళ్లో అయింది. మబ్బు మూత పెట్టినట్టు ఉంది. దిబ్బ ఎక్కేసరికి నాకసలు ఏ దిక్కు ఎటో తెలియలేదు. ఒక పక్క కొబ్బరిచెట్లు, ఇంకో పక్క పంపుషెడ్డు. పక్కన సమాధులు చూసి తెలుసుకుందామా అంటే అవి గుండ్రంగా మట్టికుప్పల్లా ఉన్నాయి. ఆ ఊరి నేతగాళ్లు చనిపోయిన మనిషిని పడుకోబెట్టరు, కూర్చోబెట్టి సమాధి చేస్తారు.

గుంట తీసి సిద్ధంగా ఉంది. తల ఎటు అన్నప్పుడు బావ ముందుకొచ్చి చెయ్యి చూపించాడు.

"తూర్పు అదుగో, ఆ కొబ్బరిచెట్ల వైపు. కాళ్లు అటు పెట్టండి."

ఆదిశేషయ్యగారు మెల్లగా అన్నాడు, "శౌరయ్యగారూ, అటు పడమరండీ. తూర్పు ఈ పంపుషెడ్డు వైపు."

"నాకు చెప్పబాకండి! ఎంతమందిని పడుకోబెట్టినోణ్ణి నేను!"

"అది కాదు అన్నయ్యగారూ, ఆయన ఈ ఊరాయన కదా" అని లాజరు నసిగాడు.

అప్పుడు బావ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మనుషుల్ని కూర్చోబెట్టి పాతిపెట్టేవాళ్లు, తూర్పుతో వీళ్లకేం పని?" అన్నాడు. అందరూ వినేలాగే అన్నాడు. చోటిచ్చినవాళ్లని, పొద్దుట్నుంచీ వానలో గుంట తీసినవాళ్లని పట్టుకుని. గునపం పట్టుకున్న కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆదిశేషయ్యగారు పెదవి బిగించి వెనక్కి జరిగాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి మా బావ. అది ఇంట్లో భరిస్తాం, నలుగురిలో, అందునా శవం దగ్గర ఏం చేస్తాం? సిగ్గుతో నేను కొంగు ముఖానికి కప్పుకున్నాను. కాళ్లు కొబ్బరిచెట్ల వైపు పెట్టి అక్కని దించారు. తల దగ్గర శిలువ నాటారు. లాజరు ప్రార్థన చెప్పాడు. వెనక్కి వచ్చేశాం.

ఆ తర్వాత సమాధుల పండక్కి గానీ మళ్లీ అక్కడికి వెళ్లడం పడలేదు. నవంబరు మొదట్లో ప్రతి సమాధి దగ్గరా పువ్వులు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా. సాయంత్రానికి దిబ్బ మీదికి చేరాం, బావా నేనూ. వాన వెలిసిన ఆకాశం నీలంగా, కడిగినట్టుంది. బావ శిలువకి కొత్తగా రంగు వేసి, పేరు రాసి తెచ్చాడు. పాతది తీసి, అది నాటి, మట్టి తొక్కి, నేను బంతిపూల దండ వేశాను. అంతలో కొబ్బరిచెట్ల సందులోంచి ఎర్రటి ఎండ వచ్చి సరిగ్గా శిలువ మీద, అక్క పేరు మీద పడింది.

"చూడండి బావా, అక్క పేరు ఎంత బాగా వెలుగుతుందో!" అన్నాను.

నా నోట్లో మన్ను పడ! ఏమన్నానో నాకే తెలియదు. బావ ఆ పేరు చూశాడు, తిరిగి కొబ్బరిచెట్ల వైపు చూశాడు. అక్కడ సూర్యుడు దిగిపోతున్నాడు. వెలిగించిన అగ్గిపుల్ల చేతిలోనే కాలి వేలు చురుక్కుమనే దాకా ఆయన కదల్లేదు.

"ఫాతిమా, పొద్దు ఎటు గుంకుతుంది?"

"అటే కదా" అని చెట్లవైపు చూపించాను. చూపించాక గానీ నాకూ వెలగలేదు. ఆ చెట్ల వైపే మా అక్క కాళ్లున్నాయి. అది లేచి కూర్చుంటే ఎదురుగా పడమర. ఏ ముఖం కోసం ఎదురుచూసిందో ఆ ముఖానికి వీపు పెట్టి కూర్చుంటుంది.

బావ గట్టిగా ఏడవలేదు. సమాధి మట్టి మీద అరచెయ్యి ఆనించి, అక్క దిండు నొక్కి చూసేదే, అలా నొక్కుతూ కూర్చున్నాడు. నాకు మాత్రం మండిపోయింది. "ఆ రోజు ఆయన చెప్తే విన్నారా? ఏనాడన్నా ఎవరి మాటన్నా విన్నారా?" అని దిబ్బ దిగేదాకా తిడుతూనే ఉన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని శౌరయ్యని నేను అప్పుడే మొదటిసారి చూశాను, భయమేసింది.

అప్పట్నుంచి మనిషి మనిషి కాదు. బీడీ మానేశాడు. బజారుకెళ్లి దిక్కులు చూపించే చిన్న డబ్బా కొనుక్కొచ్చాడు. ఎవరికి పెట్టె చేసినా కాళ్ల వైపు చెక్క మీద సుద్దతో "తూర్పు" అని రాయడం, పిలవకపోయినా సమాధుల తోటకి వెళ్లి ఆ డబ్బా పెట్టి చూడటం. ఏడుస్తున్న జనం మధ్య దూరి "ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం" అంటుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? ఒకాయన "ఏమయ్యా, ఇదేమన్నా టీవీ యాంటెన్నా?" అని కసిరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా!

ఆయన రోజూ గుడిలో పూజకి కూడా వెళ్తున్నాడని విని నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క కోపం. ఒకరోజు కొట్టుకి వెళ్లి నిలదీశాను.

"బావా, చచ్చినవాళ్లు లేస్తారని మీకసలు నమ్మకమే లేదుగా. లేవని మనిషి ఎటు తిరిగి పడుకుంటే ఏం? మరి ఎందుకీ ఏడుపు?"

చిత్రిక ఆపి నా వైపు చూశాడు. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి.

"నమ్మకం లేదనే అనుకున్నా ఫాతిమా. లూర్దు అటు తిరిగి లేచుద్దే, నా వల్ల ఆయన్ని చూడకుండా లేచుద్దే అని తిండి సయించకపోతుంటే అప్పుడు తెలిసింది. ఉందే నాకు. మీ అక్క బతికుండగా ఒక్కసారి చెప్పినా సంతోషించేది."

నా చేత్తోనే లాక్కెళ్లి ఫాదర్‌గారి దగ్గర కూర్చోబెట్టాను. పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం గదిలోకి వెళ్లమంటే, ఇందులో దాచేదేముందని వరండాలోనే, నా ముందే చెప్పాడు. ఫాదర్‌గారు ఓపికగా విన్నారు.

"శౌరయ్యా, దేవుడికి దిక్కులేమిటయ్యా? సముద్రంలో పోయినవాళ్లని, నిప్పులో పోయినవాళ్లని కూడా లేపుతాడని కదా మన విశ్వాసం. అంత చేసేవాడు మీ ఆవిణ్ణి ఇటు తిప్పుకోలేడా?"

"తిప్పుకుంటాడు ఫాదర్. ఆయనకెంతసేపు? కానీ ఆయన తిప్పాల్సి రావటమే నా తప్పు కదండీ. ఆవిడ అడిగింది అదొక్కటే."

ఫాదర్‌గారు కొండ మీది శిలువ వైపు చూశారు. తర్వాత అడిగారు, "సరే, దేవుడి ముందు ఒప్పుకున్నావు. ఆ ఊరివాళ్ల ముందు ఒప్పుకున్నావా?"

బావ తల దించుకున్నాడు. అదీ అసలు సంగతి. దేవుడితో చెప్పుకోవడానికి ఆయనకి సిగ్గు లేదు, ఆదిశేషయ్యగారికి ముఖం చూపించడానికే సిగ్గు. వరద తర్వాత ఆయన మళ్లీ మా కొట్టు గుమ్మం తొక్కలేదు. గుడ్డ మూట బస్సులో పార్సిల్ వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మా బావ నోటితో ఒక ఊరే దూరమైంది. "వెళ్లి క్షమించమని అడుగు. అదే నీకు ప్రాయశ్చిత్తం" అన్నారు ఫాదర్‌గారు. అలాగేనండీ అని వచ్చి, ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాడు. ఉత్థాన పండక్కి ముందు ఉపవాసాలుండే శ్రమల కాలమంతా అలాగే గడిచింది.

ఉత్థాన పండుగ రోజు తెల్లవారగానే మా గుమ్మంలో ట్రాలీ ఆటో ఆగింది. వెనక ఒక కొత్త పెట్టె, పక్కన పార. బావ తెల్లచొక్కా వేసుకున్నాడు, తనే ఇస్త్రీ చేసుకున్నట్టున్నాడు, కాలరు ఒక పక్క మడత పడింది. అక్కని తవ్వి తీసి, ఇందులో పెట్టి తిప్పబోతున్నాడు!

"బావా, వద్దు. అధికారుల అనుమతి కావాలి, ఆ ఊరివాళ్లు ఒప్పుకోవాలి. అయినా పడుకున్నదాన్ని కదిలిస్తారా?"

"ఎక్కు ఫాతిమా. దారిలో తిడుదువు గాని."

తిట్టాను. హనుమాన్ జంక్షన్ దాకా తిట్టాను. మధ్యలో వెనక్కి తిరిగి ఆ పెట్టె చూస్తే ఒక సంగతి అర్థం కాలేదు. అక్క అంత పొట్టి మనిషి, దానికి ఇంత పొడుగు పెట్టె ఎందుకు? దుఃఖంలో కొలత కూడా తప్పాడనుకుని ఇంకాస్త జాలి, ఇంకాస్త కోపం వచ్చాయి.

మేం వెళ్లేసరికి ఆదిశేషయ్యగారు మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. వాళ్లమ్మ చౌడేశ్వరమ్మగారు అరుగు మీద రాట్నం తిప్పుతోంది. పండుముసలి, కళ్లు మాత్రం సూదుల్లా ఉంటాయి. మమ్మల్ని చూసి మగ్గం ఆగింది. రమ్మని ఆయన అనలేదు, పొమ్మనీ అనలేదు. చుట్టుపక్కల మగ్గాలు కూడా ఒకటొకటిగా ఆగాయి. ఆ రోజు గునపం పట్టిన కుర్రాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

బావ తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"శేషయ్యగారూ, ఆ రోజు నేనే తప్పు చూపించా. మీరు సరిగ్గా చెప్పారు. చెప్పినందుకు మిమ్మల్నీ, మీ వాళ్లనీ అనరాని మాట అన్నా. చోటిచ్చిన చేతినే కరిచా. నా పెళ్లాం ఆ తప్పులోనే పడుకునుంది. నన్ను క్షమించమని అడగటానికొచ్చా. మీరు క్షమించకపోయినా న్యాయమే."

ఆదిశేషయ్యగారు చేతిలోని నూలు నాడె పక్కన పెట్టాడు. మగ్గం గుంటలోంచి పైకొచ్చాడు.

"మా వాళ్లు ఆ మాట మర్చిపోలేదండీ. నేనూ మర్చిపోలా" అన్నాడు. "కానీ నాదీ ఒక తప్పుంది. రెండోసారి గట్టిగా చెప్పుంటే మీరు వినేవాళ్లేమో. చెప్పలేదు. కోపమొచ్చి, కానీలే, ఎటన్నా పెట్టుకోనీ అనుకున్నా. అక్కా అని పిలిచిన మనిషిని అట్టా పడుకోబెడుతుంటే చూస్తా నిలబడ్డా. మీ కొట్టుకి ఏ ముఖంతో రమ్మంటారు?"

ఇద్దరు మగాళ్లు ఎదురెదురుగా తలలు దించుకుని నిలబడ్డారు. ఎవరు ముందు ఏడుస్తారా అన్నట్టుంది. అప్పుడు చౌడేశ్వరమ్మగారు రాట్నం ఆపింది.

"ఏం నాయనా, మేం కూర్చోబెట్టి పాతిపెడతామని ఎగతాళి చేశావంట గదా!"

"తప్పయిందమ్మా."

"తప్పో ఒప్పో గానీ, నీకొకటి చెప్తా విను. మీ దేవుడొచ్చి లెమ్మన్న రోజున పడుకున్నోళ్లకి లేవటం సుళువా, కూర్చున్నోళ్లకి సుళువా? మీరు మోకాళ్లు పట్టుకుని లేచేసరికి మావాళ్లు దిబ్బ దిగుంటారు!"

గుమ్మాల్లో కుర్రాళ్లు ఫక్కుమన్నారు. బావ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని. ముసలావిడ ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగి, ట్రాలీ వైపు గడ్డం ఎగరేసింది.

"పెట్టె, పార తెచ్చావుగా. తవ్వి తిప్పుకుంటావా? మా పెద్దలతో మావాడు మాట్లాడతాడు. కావాల్సిన కాగితాలు నువ్వు తెచ్చుకో."

బావ తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. పడుకోబెట్టటం వరకే నా పని. లేపే పని నాది కాదు. పార గడ్డి చెక్కటానికి తెచ్చా. నేను అడగొచ్చింది వేరే. ఆవిడ కాళ్ల దగ్గర కొంచెం చోటు ఖాళీగా ఉంది. నేను పోయాక ఆ చోటు నాకిస్తారా? చోటు చాలుద్దో లేదో చూద్దామని పెట్టె తెచ్చా. అది నా కొలత."

అప్పుడర్థమైంది నాకు, ఆ పొడుగు ఎవరిదో.

ఆదిశేషయ్యగారు తల్లి వైపు చూశాడు. ఆవిడ మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టి, "అక్కడేమన్నా మగ్గం పెడతామా? చూపించు పో" అంది. ట్రాలీలోంచి పెట్టె దించడానికి ఆ కుర్రాళ్లే వచ్చారు.

దిబ్బ మీద అక్క కాళ్ల దగ్గర, కొబ్బరిచెట్ల వైపు గడ్డి చెక్కి, పెట్టె పెట్టి చూశారు. చోటు సరిపోయింది. వెడల్పాటి తల వైపు పడమరకి, సన్నటి కాళ్ల వైపు అక్క కాళ్లకి ఎదురుగా వచ్చింది. బావ ఆ డబ్బా తీయబోయి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"శేషయ్యగారూ, తూర్పు ఎటండీ?" అని అడిగాడు.

ఆదిశేషయ్యగారు చెయ్యెత్తి పంపుషెడ్డు వైపు చూపించాడు. సూర్యుడు దాని రేకుల మీంచి పైకొచ్చి ఉన్నాడు, అడగాల్సిన పనేమీ లేదు. అయినా బావ అడిగాడు, ఆయన చెప్పాడు.

బావ పెట్టె పక్కన నిలబడి తూర్పుకి తిరిగాడు. ఎదురుగా అక్క సమాధి, శిలువ, ఆ వెనక ఎండ.

"ఫాతిమా, నేను లేస్తే ఇట్టా లేస్తా. అది లేస్తే నా వైపు తిరిగి లేచుద్ది. కళ్లు తెరవంగానే ముందు ప్రభువు ముఖం చూడాలంది. నా మొండితనం మూలంగా ముందు నా ముఖమే చూడాల్సొచ్చుద్ది. తిడుద్ది. తిట్టనీ, నాకు కావాల్సిందే. దాని తిట్లన్నీ అయిపోయాక భుజాలు పట్టుకుని, ఇదుగో, ఇట్టా ఆయన వైపు తిప్పుతా."

చేతులు చాపి గాలిలో పట్టుకుని తిప్పి చూపించాడు. ఆ చేతులు ఆయన ఛాతీ ఎత్తులో ఉన్నాయి. వాటి మధ్య ఎడం సరిగ్గా మా అక్క భుజాలంత ఉంది. కొలత తప్పలేదు.